కంప్రెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? రెండుసార్లు మార్పించినవాడిగా చెబుతున్నాను

రాజురాలో ఉంటానన్నారు. 2010 మోడల్ రెండు డోర్ల స్పోర్ట్స్ కారు, ఏసీ వేస్తే వేడి గాలి వస్తోంది, షెడ్డులో కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పే పంపు) పోయిందన్నారు, నాగపూర్‌లో పాత కంప్రెసర్ ఒకటి దొరుకుతోంది, అది బిగిస్తే చాలా అని మీ ప్రశ్న. చాలదు. నేను వార్ధా నదికి ఇవతల బల్లార్‌పూర్‌లో ఉంటాను. నాది 2009 జర్మన్ కూపే, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మీరు ఇప్పుడు చేయబోతున్న పనే నేను చేసి, రెండు నెలలకే కొత్త కంప్రెసర్ పోగొట్టుకున్నాను.

మా బండి ఏసీ ఒక్కరోజులో ఆగిపోలేదు. చల్లదనం మెల్లగా తగ్గుతూ వచ్చింది. తగ్గినప్పుడల్లా గ్యాస్ పట్టించాను, ఏడాదిలో మూడుసార్లు. అప్పుడు నాకు తెలియని విషయం ఒకటుంది: కంప్రెసర్‌కు ఇంజన్‌లా విడిగా ఆయిల్ పంపు ఉండదు. ఆయిల్ గ్యాస్‌తో కలిసి పైపులన్నీ తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. గ్యాస్ లీకైతే దాంతోపాటు ఆయిల్ కూడా కొంత పోతుంది. ఉన్న గ్యాస్ తక్కువైతే మిగిలిన ఆయిల్ కూడా వెనక్కి సరిగా రాదు. నాకు ప్రతిసారీ గ్యాసే నింపారు, ఆయిల్ వేయలేదు, లీక్ వెతకలేదు. నేనూ అడగలేదు.

తర్వాత తేలిందేమిటంటే లీక్ కండెన్సర్‌లో ఉంది, అంటే రేడియేటర్ ముందు ఉండి వేడి గ్యాస్‌ను చల్లార్చే జాలీలో. ఇలాంటి కార్లకు ముందు బంపర్ కిందికి ఉంటుంది, గ్రిల్ వెడల్పుగా తెరిచి ఉంటుంది. మన రోడ్ల మీద బొగ్గు లారీల వెనక వెళ్తే ఎగిరే రాయి నేరుగా కండెన్సర్‌కే తగులుతుంది. మీరూ ముందు అక్కడే చూడండి. లీకైన చోట ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని నల్లటి మరకలా కనిపిస్తుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మను చంద్రపూర్‌లో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంటే గరగరమని శబ్దం వచ్చి ఏసీ పూర్తిగా ఆగింది. మన దగ్గర మేలో 46, 47 డిగ్రీలు మామూలే కదా. వాలు అద్దాల కింద ఆ చిన్న క్యాబిన్‌లో అమ్మ చీరకొంగుతో విసురుకుంటూ కూర్చుంది. నాకు ఇప్పటికీ ఆ ప్రయాణం గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఆ కంగారులోనే దగ్గరి షెడ్డులో కంప్రెసర్ ఒక్కటి మార్పించాను. పైపుల్లోకి గాలి కొట్టి శుభ్రం అయిందన్నారు. రెండు నెలలకు మళ్లీ అదే శబ్దం. ఈసారి పైపు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వచ్చిన ఆయిల్ నల్లగా ఉంది, వేలికి రాసుకుని ఎండలో చూస్తే వెండి పొడిలా మెరిసింది. అది మొదటి కంప్రెసర్ అరిగి వదిలిన లోహపు పొడి. ఇప్పటి కండెన్సర్లలో గ్యాస్ వెళ్లే దారులు చాలా సన్నం. వాటిలో చిక్కుకున్న పొడి ఎంత ఫ్లష్ చేసినా (ద్రావకం పంపి కడిగినా) పూర్తిగా రాదు. కొంచెం కొంచెంగా కదిలి కొత్త కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్నీ అరగదీస్తుంది.

అందుకే రెండోసారి నాగపూర్‌లో చేయించినప్పుడు కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలతగా వదిలేది) కొత్తవి వేయించాను. పైపులు, కూలింగ్ కాయిల్ ఫ్లష్ చేశారు. విప్పిన ప్రతి జాయింట్‌లో ఓ-రింగులు (రబ్బరు రింగులు) మార్చి, ఆయిల్ రాసి బిగించారు. ఖర్చు ఎక్కువే అయింది, కానీ మొదటిసారే ఇలా చేయిస్తే ఒక కంప్రెసర్ డబ్బు మిగిలేది. డ్రయర్ విషయంలో మాత్రం అసలు రాజీ పడొద్దు. అది తేమను పీల్చుకునే వస్తువు. సిస్టమ్ తెరిచి గాలి తగిలిందంటే దాని పని అయిపోయినట్టే.

అసలు మీ కంప్రెసర్ నిజంగా పోయిందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. ఇంజన్ ఆపి, బండి చల్లారాక ప్రెషర్ చూసే గేజ్ పెట్టించండి. బయట 40 డిగ్రీలుంటే ఆర్-134ఏ గ్యాస్ ఉన్న సిస్టమ్‌లో రెండు వైపులా (ఎక్కువ ప్రెషర్ పైపులో, తక్కువ ప్రెషర్ పైపులో) సుమారు 130 పీఎస్‌ఐ చూపాలి. 20, 30 చూపిస్తే గ్యాసే లేదు, అలాంటప్పుడు ప్రెషర్ సెన్సర్ కంప్రెసర్‌ను పనిచేయనివ్వదు. గ్యాస్ ఉండి, ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేశాక కూడా రెండు ముళ్లూ కదలకపోతే కంప్రెసర్ పంప్ చేయడం లేదన్నమాట. అప్పుడు కూడా తొందరపడొద్దు. ఆ కాలపు యూరప్ కార్లలో చాలావాటికి క్లచ్ ఉండదు, పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చల్లదనాన్ని కంప్రెసర్ మీదున్న చిన్న ఎలక్ట్రిక్ కంట్రోల్ వాల్వ్ నడుపుతుంది. ఆ వాల్వ్ ఒక్కటే పాడై ఉండొచ్చు. స్కానర్ పెట్టించి కోడ్‌లు చూడండి. శబ్దం లేకుండా ఆగిపోయిందంటే నాకు ఆ వాల్వ్ మీదే ఎక్కువ అనుమానం. అలాంటి క్లచ్ లేని కంప్రెసర్‌లో పుల్లీ తిరుగుతూ మధ్య భాగం (హబ్) తిరగకపోతే మాత్రం లోపల జామ్ అయి, బెల్ట్‌ను కాపాడటానికి హబ్ తెగిపోయిందని అర్థం. నాది అలాగే అయింది.

పాత కంప్రెసర్ కొనడం నాకు ఇష్టం లేదు. తప్పదనుకుంటే దాని రెండు రంధ్రాలకు మూతలు ఉన్నాయో లేదో చూడండి. మూతలు లేకుండా షెల్ఫ్ మీద నెలల తరబడి పడి ఉంటే లోపలి పీఏజీ ఆయిల్ (ఏసీ కంప్రెసర్లలో వాడే ఆయిల్) తేమ పీల్చేసి ఉంటుంది.

కొత్తదాంట్లో ఆయిల్ ఎంత ఉందో అడగండి. చాలాసార్లు మొత్తం సిస్టమ్‌కు సరిపడా పోసి పంపుతారు. అన్నీ మార్చి ఫ్లష్ చేస్తే అది ఉంచేయాలి. సగం భాగాలే మారిస్తే లెక్క చూసి కొంత తీసేయాలి. బెల్ట్ వేయకముందు హబ్‌ను చేత్తో పదిసార్లు తిప్పించండి, లేకపోతే ఆయిల్ ఒకచోట నిలిచి మొదటి స్టార్ట్‌లోనే దెబ్బ తింటుంది. గ్యాస్ ఎక్కించేముందు లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు కనీసం 45 నిమిషాలు పెట్టించండి, పంపు ఆపాక ముల్లు అరగంట కదలకూడదు. గ్యాస్ గేజ్ చూసి కాదు, తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. లీక్ మూసే మందు డబ్బాలు ఎవరైనా ఇస్తే వద్దనండి.

రేడియేటర్ ఫ్యాన్ కూడా అన్ని స్పీడుల్లో తిరుగుతోందో చూడండి. మన ఎండకు సిగ్నల్ దగ్గర ఫ్యాన్ ఆగితే ప్రెషర్ పెరిగి కొత్త కంప్రెసర్ మీదే భారం పడుతుంది.

ఇప్పుడు షెడ్డుకు తప్ప బండిని తిప్పకండి, పైన చెప్పిన గేజ్ పరీక్షకు తప్ప ఏసీ స్విచ్ ముట్టుకోకండి. షెడ్డులో ముందు ఉన్న గ్యాస్‌ను మెషిన్‌తో తీయించి, తర్వాత కంప్రెసర్ పైపు విప్పించి ఆయిల్‌ను తెల్లటి గుడ్డ మీద వేయించండి. ఏ రంగులో ఉందో, మెరుపు ఉందో లేదో ఇక్కడ రాయండి. ఏ భాగాలు మార్చాలో దాన్నిబట్టి చెబుతాను.