దగ్గు, జ్వరం, శాంపిల్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సర్కారు దవాఖానలో మా అత్తమ్మకు ముక్కులో, గొంతులో పుల్ల పెట్టి శాంపిల్ తీసుకున్నారు. పక్కామెకూ అదే దగ్గు, జ్వరం, ఆమెకు తీయలేదు. వారమైనా రిజల్ట్ చెప్పలేదు. ఎందుకు? (నకిరేకల్ పాఠకురాలు)

జవాబు: అమ్మా, అది నిఘా కోసం తీసిన శాంపిల్ అయి ఉండవచ్చు. ఈ సీజన్‌లో ఏ వైరస్ తిరుగుతోందో, ఫ్లూ రకాలైన హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, ఇన్‌ఫ్లుయెంజా బి, లేదా ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే మరో వైరస్, కోవిడ్‌లలో ఏదో, తెలుసుకోవడానికి కొందరివి తీస్తే చాలు. దగ్గుతో పాటు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా ఆపైన జ్వరం ఉండి, జబ్బు 10 రోజుల లోపు మొదలైనవాళ్లను ఫ్లూ లాంటి జబ్బు కింద రాస్తారు. రిజల్ట్ దవాఖానలో అడగండి. వైద్యానికి మాత్రం దానికోసం ఆగొద్దు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ పనిచేస్తుంది. పెద్దవాళ్లకు ఆయాసం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మేం పంపే శాంపిళ్లు కొన్ని ‘పనికిరావు’ అని వస్తున్నాయి. (ల్యాబ్ టెక్నీషియన్, దేవరకొండ)

జవాబు: ముందు పుల్ల చూడండి. చెక్క కాడ, దూది మొన ఉన్నవి వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షను అడ్డుకోవచ్చు; ప్లాస్టిక్ కాడ, నైలాన్ లేదా పాలిస్టర్ మొన ఉండాలి. పుల్లను పైకి కాకుండా, అంగిలికి సమాంతరంగా, ముక్కు రంధ్రం నుంచి చెవికి ఉన్న దూరంలో సుమారు సగం వరకు పంపి, కొన్ని సెకన్లు ఆపి, తిప్పుతూ తీయాలి. ముక్కు అంచున తాకించి తీస్తే మనిషి కణాలు సరిపడా రాకపోవచ్చు. అప్పుడు ల్యాబ్‌లో చూసే ఆర్‌నేజ్ పీ అనే మనిషి జన్యువు కూడా కనబడదు. అలాంటి శాంపిల్‌కు నెగెటివ్ అని రాయడానికి వీల్లేదు.

ఎక్కువగా చెడేది దాచడంలో. వీటీఎం ట్యూబును, అంటే వైరస్ చెడకుండా కాపాడే ద్రవం ఉన్న ట్యూబును, 2–8 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచి 72 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. మామూలు ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టి, దారిలో కరిగి, వైరస్ దెబ్బతింటుంది. ఆలస్యం తప్పదంటే మైనస్ 70 ఫ్రీజర్ కావాలి. పేరు, నంబరు ట్యూబు మీదే రాయండి, మూత మీద వద్దు, మూతలు మారిపోతాయి. జ్వరం మొదలైన తేదీ తప్పకుండా నింపండి. నాలుగైదు రోజులు దాటితే వైరస్ తగ్గిపోతుంది కాబట్టి, ఆ తేదీ లేకుండా నెగెటివ్‌ను అర్థం చేసుకోవడం కష్టం.

ప్రశ్న: పాజిటివ్‌లు 5 నుంచి 9 అయితే జబ్బు పెరిగినట్టేనా? (వనపర్తి)

జవాబు: ఆ ఒక్క అంకెతో చెప్పలేం. 20 శాంపిళ్లలో 5 అంటే 25 శాతం. 60లో 9 అంటే 15 శాతమే. ఎన్ని పరీక్షించారో రాయని పాజిటివ్‌ల సంఖ్యను నమ్మకండి.