పేరు కాదు, అడ్డకోత చూడు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

రోజ్‌వుడ్ బల్ల తయారుది కొనడమా, కర్ర తెచ్చి నువ్వే చేసుకోవడమా అని అడిగావు. ఏది చేసినా ముందు తేలాల్సింది ఒకటే: నీ చేతిలో ఉన్నది ఏ కర్ర? అది తెలిస్తే ఎంత ఆరబెట్టాలో, అతుకులు ఎలా పెట్టాలో, పైన ఏ పూత వెయ్యాలో అన్నీ దాని వెంటే తెలుస్తాయి. అది తెలియకపోతే ఎంత పనితనం ఉన్నా రెండేళ్లలో బల్ల నోరు తెరుస్తుంది.

అమ్మేవాళ్లు చెప్పే పేర్లను నమ్మకు. రోజ్‌వుడ్ అన్నది ఒక చెట్టు పేరు కాదు. మన ఇరుగుడు, అదే జిట్రేగి, డాల్బెర్జియా లాటిఫోలియా. శీశం డాల్బెర్జియా సిస్సూ. థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియాల్లో పెరిగేది డాల్బెర్జియా కొచ్చిన్‌చైనెన్సిస్. మూడూ ఒకే ప్రజాతివే అయినా బరువు వేరు, ధర వేరు, ఉలి కింద నడత వేరు. ఇవి చాలవన్నట్టు, అసలు ఆ ప్రజాతిలోనే లేని పడాక్ అనే మరో కర్రకు రంగు పూసి రోజ్‌వుడ్ అని అమ్ముతారు. టేకు విషయమూ అంతే. ఆఫ్రికన్ టేకు అని అమ్మేది ఇరోకో కావచ్చు, ఆఫ్రోర్మోసియా కావచ్చు. వాటికి టేకుతో చుట్టరికం లేదు. అందుకే బిల్లు మీద వృక్షశాస్త్ర నామం రాయించుకో. రాయడానికి వెనకాడాడంటే అక్కడే నీకు సగం సమాధానం దొరికినట్టు.

చైనావాళ్లకు ఈ గందరగోళం బాగా అనుభవం. ‘హోంగ్‌ము’ అంటే ఎర్ర కర్ర అని అర్థం. ఆ మాట ఏ కర్రకు వాడాలో తేల్చడానికి 2000లో జాతీయ ప్రమాణమే తెచ్చారు. 5 ప్రజాతులు, 8 తరగతులు, 33 జాతులు అని లెక్క కట్టారు. 2017లో సవరించి జాతులను 29కి తగ్గించారు. ఆ ప్రమాణంలో నాకు నచ్చేది, పేరుతో పాటు సాంద్రత కూడా అడగడం. జితాన్ తరగతికి ఘన సెంటీమీటరుకు 1.00 గ్రాము దాటాలి. నల్ల, ఎర్ర రోజ్‌వుడ్ తరగతులకు 0.85 దాటాలి. పడాక్‌లు ఉండే తరగతికి 0.76 చాలు.

ఆ జితాన్ మరేదో కాదు, మన ఎర్రచందనమే. శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగని చెట్టు. చైనా రాజప్రాసాదాల్లో అత్యున్నతమనిపించుకున్న సామాను దీనితోనే చేశారు. ‘పది జితాన్ దుంగల్లో తొమ్మిది డొల్లవే’ అని వాళ్ల సామెత. చెట్టు సన్నం, పైగా నడిమి భాగం తరచుగా బోలు. కాబట్టి రెండడుగుల వెడల్పున ఒకే పలక, జితాన్ అంటూ ఎవరైనా చూపిస్తే, అది అతికిన పలకో వేరే కర్రో అయి ఉంటుందని ముందే అనుకో. మింగ్ రాజుల కాలపు చైనా కుర్చీలకు పేరు తెచ్చింది మాత్రం హువాంగ్‌హువాలీ, హైనాన్ దీవిలో పెరిగే డాల్బెర్జియా ఒడోరిఫెరా. ముడుల దగ్గర దెయ్యం ముఖాల్లాంటి మచ్చలు, కోస్తే సువాసన. 1567లో సముద్ర వ్యాపారంపై నిషేధం సడలాక దక్షిణాది నుంచి గట్టి కర్రలు విరివిగా వచ్చి పడ్డాయి. సన్నని కాళ్లు, పలచని చట్రాలతో ఆ సామాను అంత తేలిగ్గా కనిపించడం ఆ కర్రల బలం వల్లే సాధ్యమైంది. టేకుతో అంత సన్నగా చేస్తే అతుకు దగ్గర విరుగుతుంది.

ఇక పరీక్షలు. పైముఖం రేఖలను చూసి మోసపోకు, వాటిని రంగుతో గీయొచ్చు, పలచని పొరగా అతికించొచ్చు. అడ్డకోతను అలా దాచలేరు. పలక చివర, దూలాన్ని అడ్డంగా కోసినప్పుడు కనిపించే ముఖం అది. పదునైన బ్లేడుతో అంగుళం మేర నున్నగా చెక్కి, కొంచెం తడిచేసి, 10 రెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టి చూడు. రంపం కోసిన గరుకు ముఖం మీద ఏమీ తెలియదు, కాబట్టి బ్లేడుతో చెక్కడం మానకు.

టేకులో ప్రతి పెరుగుదల వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా దండ కట్టినట్టు ఉంటాయి. కొన్నింట్లో తెల్లని, పసుప్పచ్చని పొడి నిండి ఉంటుంది. వేలితో రుద్దితే జిడ్డు, ముక్కుకు పాత తోలు వాసన. రోజ్‌వుడ్‌లో రంధ్రాలు అలా దండ కట్టవు, వలయమంతా చెదిరి ఉంటాయి. వాటిని కలుపుతూ లేతరంగు సన్నని గీతలు అలలుగా సాగుతాయి. అసలైన ఎబొనీలో రంధ్రాలు ఎంత చిన్నవంటే భూతద్దం లేకుండా కనపడవు. నల్లగా ఉండి రంధ్రాలు కంటికే తెలుస్తుంటే అది ఎబొనీ కాదు, మరేదో కర్ర, రంగు వేసిందీ కావచ్చు. చైనావాళ్లు కోడిరెక్క కర్ర అనేదానిలో ముదురు, లేత పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వలయాల వెంట కోసిన పలక మీద అవే ఈకల్లా విచ్చుకుంటాయి.

తయారైన సామానులో అడ్డకోత ఎక్కడ దొరుకుతుంది అంటావేమో. సొరుగు తీసి వెనక చూడు, బల్లను తలకిందులు చెయ్యి, ఒక పిడి మరలు విప్పి ఆ బెజ్జం లోపల చూడు. పైముఖం మీద సాగే గీత అంచు దాటి అడ్డకోతలోకి దిగాలి. అంచు దగ్గర గీత తెగిపోయి కింద వేరే కర్ర మొదలైతే పైది అతికించిన పొరే. కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన తెల్ల గుడ్డతో పది సార్లు రుద్దు. గుడ్డకు రంగు అంటితే అనుమానించు, కానీ వెంటనే తీర్పు చెప్పకు. లక్క పాలిష్ కూడా స్పిరిట్‌కు కరిగి గోధుమరంగు వదులుతుంది. ఎర్రచందనమైతే తన రంగే వదులుతుంది.

ఆ రంగును బట్టే మరో పరీక్ష ఉంది. రెండు గాజు గ్లాసులు తీసుకో. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో స్పిరిట్ పోసి, రెండింట్లోనూ ఎర్రచందనం పొట్టు చిటికెడు వెయ్యి. స్పిరిట్ నిమిషాల్లో ఎర్రబారుతుంది. నీళ్లు పెద్దగా మారవు, ఎందుకంటే దానిలోని శాంటాలిన్ నీటిలో దాదాపు కరగదు. నీళ్లే గాఢంగా ఎర్రబడ్డాయంటే అది అద్దిన రంగు కావచ్చు, నీటికి రంగు వదిలే వేరే కర్రా కావచ్చు. వేగిస గానీ పడాక్ గానీ అయితే ఆ పొట్టు వేసిన నీళ్లను ఎండలో నల్ల గుడ్డ ముందు పెట్టి చూడు, అంచున నీలి మెరుపు ఆడుతుంది. రోజ్‌వుడ్ పొట్టుకు మామూలుగా ఆ మెరుపు రాదు. పడాక్‌ను రోజ్‌వుడ్‌గా అమ్మేవాడిని పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

బరువు పరీక్షకు 10 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 2 మందం ముక్క కోయి. సరిగ్గా 100 ఘన సెంటీమీటర్లు కాబట్టి గ్రాముల్లో వచ్చిన అంకెను వందతో భాగిస్తే సాంద్రత. ఆరిన టేకు 60 నుంచి 70 గ్రాములు తూగుతుంది. శీశం 75 నుంచి 80, ఇరుగుడు 80 నుంచి 90 మధ్య. ఎర్రచందనం 100 దాటి 120 దాకా వెళ్తుంది, అందుకే నీళ్లలో మునుగుతుంది. అయితే పచ్చి కర్ర ఏదైనా బరువే. కాబట్టి ముందు తేమ తేల్చుకోవాలి. ఆ ముక్కనే ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గదు అనేదాకా ఉంచు, సాధారణంగా ఒక రోజు పడుతుంది. 118 గ్రాములది 100కి వచ్చి ఆగితే తేమ 18 శాతం. అంత తేమతో బల్ల చెయ్యకూడదు. ఏసీ గదిలో పెట్టేదైతే 9, 10 శాతానికి, మామూలు గదికి 12 శాతానికి రావాలి.

గాలికి ఆరబెట్టేటప్పుడు పలకల మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం పుల్లలు అరమీటరుకొకటి చొప్పున ఒకదాని మీద ఒకటి నిలువుగా సరిపడేలా పెట్టు. పుల్లలు వరస తప్పితే పలకలు ఆ ఒంపుతోనే ఆరిపోతాయి. చివర్లకు మైనం పూయడం మరవకు. అడ్డకోత నుంచి తేమ మిగతా ముఖాల కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, చివర ముడుచుకుంటుంటే లోపలి భాగం ఇంకా ఉబ్బి ఉంటుంది, దాంతో పలక చీలుతుంది. అంగుళం మందానికి ఏడాది అనే లెక్క టేకు లాంటి కర్రలకు సరే. రోజ్‌వుడ్, ఎర్రచందనాలకు అంతకన్నా ఎక్కువే ఓపిక పట్టాలి. తొందరపడి ఎండలో పెడితే అవి తీర్చలేని పగుళ్లిస్తాయి.

కొనేటప్పుడు చేవ చుట్టూ ఉన్న తెల్లభాగం తీయించెయ్. అందంగా ఉందని ఉంచుకుంటారు కొందరు, నేను ఒప్పుకోను. అందులో పిండిపదార్థం ఉంటుంది, పొడిపురుగు దానికోసమే వస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రం, కింద మైదాలాంటి పొడి కనిపిస్తే అదే. చేవ జోలికి అది రాదు. టేకు చెట్టుదైనా తెల్లభాగానికి టేకు గుణం లేదు.

ఇప్పుడు అసలు పని. ఎంత ఆరినా కర్ర వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పొడవున కదలిక లెక్కలోకి రాదు, వెడల్పునే వస్తుంది. ఇరుగుడు పలకను వలయాల వెంట కోసి ఉంటే తేమ 1 శాతం మారినప్పుడల్లా వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. వలయాలకు అడ్డంగా, కేంద్రం వైపు కోసినదైతే అందులో సగమే. 400 మిల్లీమీటర్ల పలకకు తేమ 5 శాతం తేడా వచ్చిందనుకో, మొదటి రకం దాదాపు 4 మిల్లీమీటర్లు, రెండోది 2 కన్నా తక్కువ కదులుతుంది. ఆ 4 మిల్లీమీటర్లకు చోటివ్వకపోతే చట్రం విడిపోతుంది, లేదా పలక పగులుతుంది. జిగురు దాన్ని ఆపలేదు.

అందుకే ఆసియాలోని పాత పనివాళ్లు పలకను చట్రంలో ఊరికే కూర్చోబెట్టారు. చట్రానికి 10 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, పలక అంచు నాలుక 8 మిల్లీమీటర్లు ఉంచు. ఎండాకాలం బిగిస్తే రెండు వైపులా ఆ 2 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. వానాకాలం బిగిస్తే పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది, అర మిల్లీమీటరు చాలు. గాడిలో చుక్క జిగురు కూడా పడకూడదు. పలక వంగకుండా కింద అడ్డంగా పావురం తోక ఆకారపు గాడిలో ఒక కమ్మీ దూర్చాలి, దానికీ జిగురు వద్దు. చట్రం మూలల్లో బెజ్జంలోకి దిగే నాలుక కర్ర మందంలో మూడోవంతు ఉండాలి. కర్ర మేకు వేసి బిగించాలంటే నాలుకలోని రంధ్రాన్ని భుజం వైపు, అంటే నాలుక మొదలయ్యే మెట్టు వైపు, అర మిల్లీమీటరు జరుపు. మెత్తని కర్రకు జరిపినంత జరిపితే ఈ గట్టి కర్రలో నాలుక చీలుతుంది.

జిగురు పెట్టాల్సిన చోట, టేకు, రోజ్‌వుడ్ ముఖాలను అప్పుడే చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, పావుగంటలోపు అతికించు. ఆలస్యమైతే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది, అతుకు ఊడుతుంది.

వేగిస, పడాక్, ఎర్రచందనాల్లో నార ఒక పొరలో ఇటు, పక్క పొరలో అటు వంగి ఉంటుంది. మామూలు చిత్రికకు పోగులు లేస్తాయి. బ్లేడు 55, 60 డిగ్రీల ఏటవాలులో ఉన్న చిత్రిక వాడు, పలచగా తియ్యి, ఆఖర్న స్క్రేపరుతో గీకు. టేకులో సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు రంపం పళ్లు తొందరగా మొద్దుబారతాయి, కార్బైడ్ పళ్లది తీసుకో. ఉప్పుకాగితం వేసేటప్పుడు మాస్క్ లేకుండా కూర్చోవద్దు. రోజ్‌వుడ్, టేకు పొడులు చర్మానికి దద్దుర్లు తెస్తాయి, ఒకసారి పడకపోతే ఆ తరవాత కొంచెం తగిలినా రేగుతాయి.

పూత దగ్గర రోజ్‌వుడ్ అందరినీ ఇబ్బంది పెడుతుంది. దాని రసాలు అవిసె నూనెనూ, పాలియురెథేన్‌నూ ఆరనివ్వవు, వారమైనా బంకగా ఉంటుంది. ముందు మైనం తీసిన లక్క ఒక పలచని పూత వేసి, అది ఆరాక పైది వెయ్యి. ఎర్రచందనానికి మాత్రం లక్క జాగ్రత్త: స్పిరిట్ దాని ఎరుపును కరిగించి పక్కన పొదిగిన లేతరంగు కర్రలోకి ఈడుస్తుంది. అక్కడ టర్పెంటైన్‌లో కరిగించిన తేనెమైనమే మేలు. రంగు నిలుస్తుందా అన్న బెంగ ఉంటే, ఒక ముక్కకు సగం నల్ల కాగితం చుట్టి కిటికీలో నెల పెట్టు. పడాక్ నారింజ నుంచి గోధుమకు తిరుగుతుంది, ఎర్రచందనం ఊదా నలుపుకు ముదురుతుంది.

కాగితాల మాట చెప్పకుండా వదలను. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. ఎర్రచందనం 1995 నుంచి దాని రెండో అనుబంధంలో ఉంది. 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా ప్రజాతి మొత్తం, అప్పటికే మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప, అందులోకి వచ్చింది. 2019లో ఒక సరుకుకు 10 కిలోలలోపు తయారైన వస్తువులకు సడలింపు ఇచ్చారు, కానీ బల్ల బరువు దానికి మించే ఉంటుంది. దేశం దాటించే ఆలోచన ఉంటే అనుమతి ముందు, బల్ల తరవాత. కాగితం లేని ఎర్రచందనం ముక్కను చేతితో కూడా తాకకు.

ముందు ఆ 10, 5, 2 ముక్క కోసి తూచు. బరువు, చెక్కిన అడ్డకోత ఫోటో నాకు పంపు. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెదనాన్న