చిన్నోడు లేచేలోపు ఎన్ని రొట్టెలు?

ప్రశ్న: మాది కర్నూలు సార్, బీకాం చదివినా. పాపకి 6 ఏళ్లు, బాబుకి 2. ఇంట్లోనే జొన్నరొట్టెలు చేసి రోజుకి 100 దాకా అమ్ముతున్నా. పిండి కలిపినాక బాబు లేచి ఏడుస్తే ఏం చేయాలో తెలీట్లేదు. రొట్టెల మిషన్ కొనాలా, లేక బాబుని ప్లేస్కూల్లో వేసి నెలకి 12,000 వచ్చే అకౌంటెంట్ ఉద్యోగానికి పోవాలా? చదువు వేస్ట్ అయిందని మా అత్త ఒకటే గొణుగుడు.

జవాబు: చూడమ్మా, వేణ్ణీళ్లు పోసి కలిపిన జొన్నపిండి మనకోసం ఆగదు, పక్కన పెడితే జిగట పోయి తట్టేటప్పుడు అంచులు పగుల్తాయి, పెనం మీద రొట్టెకి తడిగుడ్డ అద్దే టైంకి పిల్లోడు కొంగు పట్టి లాగితే చెయ్యి కాల్తుంది. ఆగని పనులు రెండూ ఒకే టైంలో పెట్టుకున్నారు మీరు. అందుకే మెత్తరొట్టెలు పొద్దున 5 నుంచి 7 వరకే, 40కి మించొద్దు. మిగతావి కడక్ రొట్టెలకి, అంటే కరకరలాడే ఎండు రొట్టెలకి మార్చండి, రాత్రి పిల్లలు పడుకున్నాక చేసినా రోజుల తరబడి ఉంటాయి, హైదరాబాదులో ఉండే మనోళ్లకి పార్సిల్ కూడా పంపొచ్చు. వాటితో పాటు బుడ్డల (వేరుశనగ) పొడి పెట్టండి, అది మధ్యలో ఆపి లేచినా ఏం చెడిపోదు. రాత్రి 8 దాటితే ఆర్డర్ తీసుకోనని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేయండి, ఒకరిద్దరు అలుగుతారు, అలగనీండి.

ఇంక ఉద్యోగం సంగతి. 100 రొట్టెలు 12 చొప్పున 1,200 అనుకుందాం, పిండి, గ్యాస్, కవర్లు పోను ఒక 750 మిగిల్తే, 5 గంటల పనికి గంటకి 150 పడింది. ఆ ఉద్యోగం పొద్దున 9 నుంచి సాయంత్రం 6 అయితే నెలకి 26 రోజుల లెక్కన గంటకి 51 రూపాయలు, అందులోంచే ప్లేస్కూల్ ఫీజు, ఆటో. రోజూ ఈ లెక్క నోట్‌బుక్‌లో రాయండి, అత్తగారు అడిగితే బీకాం ఇదేనని చూపించండి. నేను చెప్పినట్టు చేస్తే మొదటి రెండు నెలలు రాబడి తగ్గుతుంది, అది మాత్రం దాచను.

మిషన్ ఇప్పుడు వద్దే వద్దు. లోన్ కంతులు మొదలైతే పిల్లోడికి జ్వరమొచ్చినా ఆపలేరు. దాని బదులు పక్కింటామెకి రొట్టెకి ఇంతని ఇచ్చి తట్టించుకోండి. తర్వాత కావాలంటే ముద్ర అనే సర్కారు లోన్ పథకంలో శిశు అనే విభాగం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా లోన్ ఉంది, డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడా అడగొచ్చు. తిండి వస్తువులు అమ్మేవాళ్లకి ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ మాత్రం లేకపోతే ఇప్పుడే చేయించండి, ఏడాదికి 100 రూపాయలే, ఆ నంబర్ పొడి ప్యాకెట్ మీద ఉండాల్సిందే.

అన్నట్టు, మీ ఆయన గురించి ఒక్క ముక్క రాయలేదే! డెలివరీ ఎవరు చేస్తున్నారు, పాప హోంవర్క్ ఎవరు చూస్తున్నారు? సాయంత్రం 6 నుంచి 8 దాకా పెనం ముట్టుకోకండి, ఫోన్ ఆయన చేతికివ్వండి, ఆర్డర్లు రాసుకోడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

బాబుకి 3 ఏళ్లు నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టొచ్చు, పొద్దుటి పూట మీకు కాస్త చేయి ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకుని రండి, మిషన్ గురించి మాట్లాడదాం.