హనోయ్‌లో ఖరీదైన సంప్రదాయ రెస్టారెంటుకు వెళ్లడం దండగా? వెంట శాకాహారి ఉంటే ఎలా?

వీధిలోనే అంత రుచిగా, అంత చవకగా దొరుకుతున్నప్పుడు వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక్క పూట భోజనానికి వేల రూపాయలు పెట్టాలా అని, శాకాహారులైన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని అలాంటి చోటికి వెళ్లవచ్చా అని మీరు అడిగారు. రెండేళ్ల క్రితం జూన్ మొదటి వారంలో నేను, నా భార్య, మా అబ్బాయి, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు కలిసి వెళ్లినప్పుడు మాకూ ఇదే సందేహం కలిగింది. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. అయినా వెళ్లాం. మళ్లీ వెళ్లినా ఆ ఒక్క పూటకు డబ్బు పక్కన పెట్టుకుంటాను, ఎందుకంటే ఆ ఊరివాళ్లు ఇళ్లలో తినే భోజనం, తినే పద్ధతితో సహా, పరాయివాడికి దొరికేది ప్రధానంగా అక్కడే.

హనోయ్ వీధుల్లో ఒక్కో కొట్టుది ఒక్కో వంటకం. ఫో అనే నూడుల్స్ సూపు అమ్మేవాళ్లు ఫో మాత్రమే అమ్ముతారు, నూడుల్స్‌తో తినే కాల్చిన పంది మాంసం, అంటే బున్ చా, చేసేవాళ్లు అదే చేస్తారు. చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, గిన్నె ఖాళీ చేసి, లేచి పోవాలి. ఇంట్లో అలా తినరు. గుండ్రటి పళ్లెంలో ఒక పులుసు, ఒక ఉప్పటి కూర, ఉడికించిన ఆకుకూర, ఊరగాయ, మధ్యలో అందరికీ కలిపి ఒకే నంజుడు గిన్నె, వీటన్నిటితో అన్నం. దీన్ని ‘మమ్ కమ్’ అంటారు. ‘మమ్’ అంటే పళ్లెం, ‘కమ్’ అంటే అన్నం. భోజనానికి కూడా అదే మాట. మనం ఎదురుపడిన మనిషిని అన్నం తిన్నావా అని అడిగినట్టే వాళ్లూ ‘ఆన్ కమ్ చువా’ అని పలకరిస్తారు. చవకైన అన్నం మెస్సులు ఊరంతా ఉన్న మాట నిజమే, మధ్యాహ్నాలు మేమూ వాటిలో తిన్నాం, కానీ అక్కడ ముందే వండి ట్రేలలో పెట్టినవాటిలోంచి నాలుగు కూరలు ఒకే కంచంలో వడ్డిస్తారు. అది ఆకలి తీరుస్తుంది, ఇంటి భోజనం అనిపించదు.

ఇంటి వంటను ఇంత ఖర్చుతో వడ్డించే రెస్టారెంట్లు ఆ దేశంలో మరీ పాతవి కావు. 1986లో ‘దోయ్ మోయ్’ అనే ఆర్థిక సంస్కరణలు మొదలై పుంజుకునేదాకా బియ్యం, మాంసం కూపన్ల మీద తెచ్చుకున్న ఊరది. ఇప్పుడు అదే వంటకు గౌరవం ఎంత పెరిగిందంటే, 2023 జూన్‌లో, మేలైన రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ తొలిసారి హనోయ్, హో చి మిన్ సిటీల జాబితా ప్రకటించినప్పుడు నక్షత్రం దక్కిన నాలుగింటిలో ‘తమ్ వీ’ అనే ఉత్తరాది ఇంటి వంటల రెస్టారెంటు కూడా ఉంది. మేము వెళ్లింది వేరే చోటికి, పాత బస్తీకి దగ్గరలో, పెంకుటింటిని అలాగే ఉంచి నడుపుతున్న ఒక రెస్టారెంటుకు. పేరు చెప్పకపోవడానికి కారణం కింద తెలుస్తుంది.

మొదటి పొరపాటు మాదే. హైదరాబాదు అలవాటు చొప్పున ముందు వేపుళ్లు, తరువాత సూప్, ఆ తరువాత అసలు భోజనం అని వరుస పెట్టి చెప్పాం. ఆర్డరు తీసుకుంటున్న పెద్దావిడ అన్నం ఎప్పుడు కావాలని రెండుసార్లు అడిగినా తరువాత చెబుతామని ఆపేశాం. పావుగంటలో అన్నీ ఒక్కసారే వచ్చి బల్ల నిండిపోయింది, అన్నం ఒక్కటి తప్ప. ఆ కూరలు వట్టివి తినడానికి చేసినవి కావు, అన్నంలోకి చేసినవి. కాబట్టి మీరు విడివిడిగా ఐటములు ఎంచుకోకుండా, నలుగురున్నాం, ఒక భోజనానికి సరిపడా ఇవ్వండి అని చెప్పి, పులుసు, కూర, ఆకుకూర, ఊరగాయ కుదిరేలా వాళ్లనే పొందిక చేయమనడం మేలు.

రెండో పొరపాటు వాళ్లది. మెనూలో టమాటా రసంలో సోయా పనీరు అని రాసి ఉంటే అత్తగారి కోసం అది చెప్పాం. ఆవిడ చెంచాతో విరిస్తే లోపల పంది మాంసం కైమా. నిజానికి అది అక్కడి ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న వంటకమే; లోపల ఏముందో రాయకపోవడమే తప్పు. అత్తగారు నోరెత్తి ఏమీ అనలేదు, చెంచా పక్కన పెట్టి మంచినీళ్లు తాగారు. నా భార్య ముఖం చూసిన పెద్దావిడకు సంగతి అర్థమై ‘ఆన్ చై?’ అని అడిగింది. శాకాహారం అనడానికి వాళ్ల మాట అది. మేము కూర్చోగానే చెప్పి ఉండవలసిన మాట కూడా అదే. బౌద్ధం వల్ల చాంద్రమాసం మొదటి రోజున, పౌర్ణమి నాడు మాంసం మానేసేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు కనుక ‘చై’ అంటే వంటింట్లో అందరికీ తెలుస్తుంది. ఆంగ్లంలో వెజిటేరియన్ అంటే మాత్రం కూరగాయల వంటకం అని అనుకుని దాని మీద చేపల రసం చల్లి తెస్తారు. నెత్తళ్లను ఉప్పుతో నెలల తరబడి ఊరబెట్టి తీసే ఆ ‘నుఅక్ మమ్’ వాళ్లకు మనకు ఉప్పు ఎలాగో అలాగ. దాన్ని చేప కింద లెక్కపెట్టాలని వాళ్లకు తోచదు, అందుకని దాని పేరు పెట్టి వద్దని విడిగా చెప్పాలి.

పది నిమిషాల తరువాత ఆవిడ స్వయంగా మూడు గిన్నెలు తెచ్చింది. ఒకదానిలో ఉడికించిన తూటికూర. రెండోదానిలో ఆ కూర ఉడికిన నీళ్లే, ‘సౌ’ అనే పుల్లటి కాయలు చితిపి వేసినవి. హనోయ్ వీధుల వెంట నీడనిచ్చే చెట్ల కాయలే ఇవి, ఎండాకాలంలో కాస్తాయి. మూడోదానిలో వేయించిన నువ్వులు, వేరుశనగలు, ఉప్పు కలిపి దంచిన పొడి. అత్తగారు చాప్‌స్టిక్‌లు పక్కకు నెట్టి, వేడి అన్నంలో ఆ పొడి కలుపుకుని చేత్తో తిన్నారు, పుల్లటి నీళ్లను చివర్లో చారులా పోసుకున్నారు. అక్కడివాళ్లు కూడా ఆఖరి ముద్దల్లో పులుసు పోసుకునే తింటారట, వడ్డించిన పెద్దావిడ చూసి నవ్వింది. చేత్తో తినడాన్ని ఎవరూ వింతగా చూడలేదు.

మాంసాహారులమైన మాకు దొరికిన అసలు రుచి పొలం పీతల పులుసు. పీతలను రోట్లో దంచి, నీళ్లలో పిసికి, వడకట్టి, ఆ నీటిని సన్నని సెగ మీద పెడితే పీత సారమంతా మీగడలా గట్టిపడి పైకి తేలుతుంది; దాన్ని చెదరనివ్వకుండా పక్కగా ఆకుకూర వేస్తారు. ఆకులేమిటని అడిగి తెలుసుకున్నాను: బచ్చలి, జనపనార జాతి ఆకు, వాటితో పాటు నేతిబీర ముక్కలు. బచ్చలిని, నేతిబీరను పీతల రసంలో కలిపి వండవచ్చని మన కోనసీమలో ఎవరికీ ఎందుకు తోచలేదో నాకు తెలియదు. దీనికి జతగా ఉప్పులో ఊరిన తెల్లటి చిట్టి వంకాయలు, పంటికింద కరకరలాడుతూ, వస్తాయి. ఎండాకాలంలో ఈ రెండింటినీ విడదీయరు. మట్టిపాత్రలో దుంపరాష్ట్రం వేసి గంటల కొద్దీ మగ్గించిన చేప కూడా బాగుంది, కానీ నిన్నటి చేపల పులుసు ఎరిగిన నాలుకకు అది అంత కొత్త కాదు. అరటి పువ్వు సలాడు ఫరవాలేదు. మా అబ్బాయికి వేయించిన నెమ్ రోల్స్ తప్ప మరేమీ పట్టలేదు.

మర్యాదల గురించి భయపడవలసినది పెద్దగా లేదు. పెద్దవాళ్లు మొదలుపెట్టేదాకా ఆగాలి, అన్నంలో చాప్‌స్టిక్‌లను నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి అగరువత్తులు వెలిగించినట్టు ఉంటుందని అది అశుభం. వడ్డించేవాళ్లను వరసలతోనే పిలుస్తారు, చిన్నవాళ్లయితే ‘ఎమ్ ఓయ్’, పెద్దామె అయితే ‘చీ ఓయ్’, మన తమ్ముడూ, అక్కా లాగా.

డబ్బు విషయానికి వస్తే, నలుగురికి 16 లక్షల 80 వేల డాంగులు, అంటే మన లెక్కలో అయిదున్నర వేల రూపాయలకు అటూ ఇటూ అయింది. వీధిలో అదే నలుగురం ఒక పూట తింటే 800 రూపాయలు కాలేదు. మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే సేవా రుసుము, పన్ను అదనమని అర్థం. బల్ల మీద పెట్టిన తడి టవలు పొట్లం చింపితే అదీ బిల్లులో పడుతుంది, కొద్ది మొత్తమే లెండి. టిప్పు తప్పనిసరి కాదు. 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలం రంగులోనే ఉంటాయి, మసక వెలుతురులో ఒకటికి రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టుకోండి.

ఆ సోయా పనీరుకు మాత్రం వాళ్లు డబ్బు తీసుకోలేదు, నువ్వుల పొడికీ తీసుకోలేదు. మీరు రాత్రికి కాకుండా మధ్యాహ్నానికి బల్ల మాట్లాడుకోండి. రద్దీ తక్కువగా ఉంటుంది కనుక మీతో వచ్చే పెద్దవాళ్లకు ఏం కావాలో వంటింటి దాకా వెళ్లి కనుక్కుని వచ్చే తీరిక వాళ్లకు అప్పుడే ఉంటుంది.