గాలికి డబ్బులెందుకంటే...

ప్రశ్న: మా అబ్బాయి వైజాగ్‌లో స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున ఈదడం) నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. సొంతంగా అల్యూమినియం సిలిండర్ కూడా కొన్నాడు. నింపిన ప్రతిసారీ 500 రూపాయలు తీసుకుంటున్నారట, సగమే ఖాళీ అయినా అదే రేటట. ఉత్త గాలికి అంతెందుకండీ? మా రొయ్యల సీడ్ నర్సరీలో కంప్రెసర్ ఉంది, ప్యాకింగ్‌కి వాడే ఆక్సిజన్ సిలిండర్లూ ఉన్నాయి. వాటితో నింపుకోవచ్చా? – ఒక రైతు, అమలాపురం

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకి చెప్పేస్తానండి. వద్దు, రెండూ వద్దు. ఆ ఆక్సిజన్ అసలు ముట్టుకోవద్దు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ని ఆరు మీటర్లు దాటిన లోతులో పీలిస్తే ఫిట్స్ రావచ్చు. నీళ్లలో ఫిట్స్ వస్తే నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారిపోతుంది, మనిషి దక్కడం కష్టం. పైగా అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి కాస్త నూనె, గ్రీజు తగిలినా మంట లేస్తుంది. ఇక మీ కంప్రెసర్ పది బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా ఇస్తుందేమో. బాబు సిలిండర్‌కి కావలసింది 207 బార్, అంటే 3,000 పీఎస్ఐ.

నేను కాకినాడలో ఓడల అడుగు పనికి దిగే డైవర్లకి సిలిండర్లు నింపినవాణ్ణి. ఆ డబ్బు గాలికి కాదు, గాలిని శుభ్రం చేసి, ఆరబెట్టి ఇచ్చినందుకు. సిలిండర్ లోపలి చోటు 11 లీటర్లే. అందులో సుమారు 2,200 లీటర్ల గాలి కుక్కాలి. చిన్న కంప్రెసర్ నిమిషానికి 100 లీటర్లు తోస్తుంది, అంటే ఒక్కదానికే ఇరవై నిమిషాల పైన. గాలిని మూడు నాలుగు దశల్లో నొక్కుతూ, దశకోసారి చల్లారుస్తూ పోతే అందులోని తడి విడిపోతుంది. మన డెల్టా గాలిలో తడి ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. పావుగంటకోసారి డ్రెయిన్ వాల్వ్ తిప్పితే బుస్సుమంటూ తెల్లటి నీళ్లు కొట్టేవి, నీరూ నూనే కలిసిపోయి. అక్కడ ఆగని తడిని, నూనె ఆవిరిని ఫిల్టర్ పట్టుకోవాలి. ఎండ ముదిరితే ఆ ఫిల్టర్ ఆయుష్షు బాగా పడిపోతుంది, ఎందుకంటే వేడి గాలి ఎక్కువ తడి మోస్తుంది. ఫిల్టర్ మార్చాల్సినప్పుడు మార్చే షాపు తక్కువ రేటుకి ఇవ్వలేదు.

నాకు అన్నిటికన్నా భయం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చే గాలిలో అది పది లక్షల్లో 5 వంతులు దాటకూడదని యూరప్ ప్రమాణం. ఒడ్డున 20 వంతులుంటే మనిషికి తెలియకపోవచ్చు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగు రెట్లు, అంటే అక్కడ 80 వంతులు పీల్చినట్టే. కరెంటు పోయి డీజిల్ జనరేటర్ వేసినప్పుడు దాని పొగ కంప్రెసర్ గాలి పీల్చే పైపు వైపు రాకుండా చూడాలి. దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో మేం గాలి వాటం చూసుకుని ఆ పైపు అటూ ఇటూ మార్చేవాళ్లం. పొగ మరీ కమ్మేస్తే ఆ పూటకి నింపడం ఆపేసేవాళ్లం, డైవర్లు ఎంత తొందరపెట్టినా సరే.

అందుకని బేరం ఆడేముందు గాలి పరీక్ష రిపోర్టు అడగమనండి, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో రాసిన పుస్తకం చూపించమనండి. ముఖం చిట్లిస్తే అక్కడ నింపించుకోవద్దు.

సగం సిలిండర్‌కీ అదే రేటు ఎందుకంటే పని అంతే కాబట్టి. పరీక్ష తేదీ ముద్ర చూడాలి, వాల్వ్ చూడాలి, తగిలించి పక్కనే నిలబడాలి. పది ఫిల్లులకి ముందే కడితే తగ్గించే షాపులున్నాయి, అడగండి. ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. తొందరగా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది. అప్పుడు గేజ్ 200 చూపించినా చల్లారాక 180కి దిగిపోవచ్చు. ఆ తగ్గింది మళ్లీ నింపడానికి డబ్బు అడగడం న్యాయం కాదు. బాబు కూడా సిలిండర్ పూర్తిగా ఖాళీ చేయకూడదు. 30, 40 బార్ మిగిల్చి తెస్తే లోపలికి ఉప్పునీరు, తడి చేరవు.

ప్రశ్న: నైట్రాక్స్‌కి, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలికి, ఇంకా ఎక్కువ అడుగుతున్నారు. అవసరమా? – ఒక విద్యార్థిని, యానాం

జవాబు: రోజుకి రెండు మూడు డైవ్‌లు, అవీ 20, 30 మీటర్ల మధ్య చేస్తే ఉపయోగమే, నీళ్లలో ఎక్కువసేపు ఉండొచ్చు. పది మీటర్ల డైవ్‌కి దండగ. సాధారణ గాలిలో ఆక్సిజన్ 21 శాతం, మామూలు నైట్రాక్స్‌లో 32. ఖాళీ సిలిండర్‌లో ముందు 28 బార్ దాకా స్వచ్ఛమైన ఆక్సిజన్ పోసి, మిగతాది 200 వరకూ గాలితో నింపుతారు. ఆక్సిజన్ కొనాలి, సిలిండర్‌ని, వాల్వ్‌ని నూనె జాడ లేకుండా శుభ్రం చేయించాలి, అందుకే ఆ రేటు. 32 శాతంతో 33 మీటర్ల కిందికి దిగకూడదు. దానికి విడిగా శిక్షణ ఉంది, అది లేకుండా తీసుకోకండి. షాపువాళ్లు శాతం చెప్పారని వదిలేయకుండా ఆక్సిజన్ శాతం చూపే ఎనలైజర్ మీరే పట్టుకుని కొలిచి, ఆ అంకె సిలిండర్ మీద రాశాకే రిజిస్టర్‌లో సంతకం పెట్టండి.