గర్భాలయం మీద ఉన్నది గోపురమా, విమానమా?

సందేహం: మూలవిరాట్టు ఉన్న గది మీది కట్టడాన్ని మేమంతా గోపురం అంటాం. అర్చకులు విమానం అంటారు. శ్రీశైలం వెళ్తే శిఖర దర్శనం అంటారు. మూడూ ఒకటేనా? అసలు ఎగిరేదాని పేరు గుడికి ఎందుకు వచ్చింది?

సమాధానం: మూడూ ఒకటి కాదు. గోపురం అంటే ద్వారం. అమరకోశం కూడా దానికి పురద్వారం అనే అర్థం చెప్పింది. ప్రాకారంలో వాకిలి ఉన్నచోట, ఆ వాకిలి మీద లేచేది గోపురం. గర్భాలయం మీద లేచేది విమానం. అందుకే తిరుమలలో మహాద్వారం మీద ఉన్నది గోపురం, స్వామి మీద ఉన్నది ఆనందనిలయ విమానం.

విమానానికి ఎగరడంతో పని లేదు. ‘మా’ అనే ధాతువుకు కొలవడం అని అర్థం. విశేషంగా కొలిచి కట్టినది విమానం. గర్భాలయం వెడల్పును బట్టి పైకట్టడం ఎత్తు నిర్ణయించడం శిల్పశాస్త్ర పద్ధతి. గర్భాలయం అడుగు నుంచి పైదాకా భాగాల పేర్లు చూడండి: అధిష్ఠానం (పీఠం), పాదం (గోడ), ప్రస్తరం (చూరు భాగం), గ్రీవం (మెడ), శిఖరం (తల), స్తూపి (కలశం). పాదం మీద మెడ, మెడ మీద తల! గుడిని నిలబడిన పురుషుడిగా భావించారని ఆ పేర్లే చెబుతున్నాయి. ఇదే గుడిని పడుకున్న పురుషుడిగా చూసే భావన ఇంకొకటి ఉంది. అందులో గర్భాలయం శిరస్సు, గోపురం పాదాలు. దూరం నుంచే గోపురానికి దణ్ణం పెట్టుకునేవాళ్లు స్వామి పాదాలకు మొక్కుతున్నారన్నమాట. నాకు ఈ రెండో భావన మరీ ఇష్టం.

శిఖరం దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ద్రావిడ శైలిలో, అంటే దక్షిణాది పద్ధతిలో, మెడ మీద కూర్చున్న గుమ్మటం లాంటి భాగమే శిఖరం. నాగర శైలిలో, అంటే ఉత్తరాది పద్ధతిలో, పైకట్టడం మొత్తం శిఖరమే. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో చాలావాటిది ఈ శైలే కాబట్టి అక్కడ శిఖరం అనడమే సబబు. శ్రీశైలంలో శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి భక్తులు వెతికేది ప్రధానాలయం శిఖరాన్ని. కాబట్టి ఆ మాటలోనూ తప్పు లేదు.

మరి జనం నోట అన్నీ గోపురాలే ఎందుకయ్యాయి? రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసిన తంజావూరు గుడిలో విమానం సుమారు 216 అడుగులు, గోపురాలు దానికన్నా చాలా చిన్నవి. తర్వాతి కాలంలో ఇది తలకిందులైంది. మంగళగిరిలో కంటికి ముందు కనిపించేది 11 అంతస్తుల గాలిగోపురం. 1987లో పూర్తయిన శ్రీరంగం రాజగోపురం 236 అడుగులు. పెద్దగా కనిపించినదాని పేరే అన్నిటికీ అంటుకుందని నా అభిప్రాయం.

చూసి పోల్చుకోవాలంటే కలశాలు లెక్కపెట్టండి. విమానం మీద సాధారణంగా ఒక్కటే ఉంటుంది. గోపురం మీద అయిదో, ఏడో, తొమ్మిదో వరుసగా ఉంటాయి. శయనమూర్తి ఉన్న గుళ్లలో మాత్రం గర్భాలయం పొడవుగా ఉంటుంది కనుక, విమానం మీద కూడా వరుస కనిపించవచ్చు.

పేపర్లలో వచ్చే ‘విమాన గోపురం’ వాడుకలో పాతుకుపోయింది. మాటల్లో ఎవరైనా అంటే నేను సరిదిద్దను. రాతలో మాత్రం, ముఖ్యంగా స్థలపురాణాల్లో, ఆలయాల బోర్డుల మీద, విమానం అనే రాయాలి.