“పర్వాలేదు” అని మాత్రం రాయకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అరగంట ఆ కబురూ ఈ కబురూ చెప్పి, ఇక పెట్టేస్తుందిలే అనుకుంటుండగా “అక్కా, అది పోలీసుల మీద కేసు వేస్తుందట, నువ్వైనా చెప్పు” అని ఏడుపు అందుకుంది. ఏం చెప్పమంటావే, వెయ్యమనా వద్దనా అని అడిగితే ఆ ఏడుపు ఇంకాస్త పెరిగింది.

నాకూ నిద్ర పట్టలేదు. భయమేసింది, నీ దగ్గర దాచడమెందుకు. కాసేపటికి చీకట్లోనే నవ్వు కూడా వచ్చింది. ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లు నిండలేదు, క్యూలో ముందుకు దూరినవాణ్ణి కూడా ఏమీ అనలేని పిల్ల, చీఫ్ కానిస్టేబుల్‌కి, అంటే ఇక్కడి పోలీసు శాఖకి పెద్దాయనకి, నోటీసు పంపిస్తానంటోంది! 2002 నుంచి ఇక్కడే ఉన్న మీ పెద్దమ్మకి చేతకానిది నువ్వు మొదలుపెట్టావు.

మీ అమ్మ చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. నీ వెంటపడి వేధించినవాడి మీద నువ్విచ్చిన స్టేట్‌మెంట్ కాపీని ఆ పోలీసాయన నీ ఆఫీసు ఈమెయిల్‌కి పంపబోయి, ఒక్క అక్షరం తేడాతో మీ ఆఫీసులోనే ఇంకో అమ్మాయికి పంపాడు. అందులో నీ అడ్రసు, ఫోన్ నంబరు, వాడు నీకు పెట్టిన మెసేజ్‌లు, అన్నీ ఉన్నాయి. మర్నాడు నువ్వు లిఫ్టులోకి అడుగుపెట్టగానే ఇద్దరు మాట ఆపేశారని అమ్మతో అన్నావట. ఆ ముక్క ఎక్కడైనా రాసిపెట్టుకున్నావా? తేదీతో, టైముతో? రాసి ఉండవు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ముందు మీ అమ్మ భయం సంగతి తేల్చేస్తాను. వీసాకి ఏమీ కాదు. నష్టపరిహారం అడగడం సివిల్ వ్యవహారం, నేరం కాదు. వీసా ఫారంలో అడిగేది నీ మీద పడ్డ శిక్షల గురించి, నీకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పుల గురించి. నువ్వు ఇంకొకరిని అడిగినదాని గురించి కాదు. ఇది అమ్మకి నువ్వే నెమ్మదిగా చెప్పు, నేను చెబితే వాదన అవుతుంది.

ఇక చెయ్యాల్సిన పనులు. ఏ సమాచారం పోయింది, ఎవరికి పోయింది, ఎప్పుడు, వెనక్కి తీసుకున్నారా, చెరిపేశారని రాతపూర్వకంగా ఎవరైనా చెప్పారా అని ఆ పోలీసు శాఖ డేటా ప్రొటెక్షన్ ఆఫీసరుకి ఈమెయిల్ పెట్టు. నీ గురించి వాళ్ల దగ్గరున్న కాగితాల కాపీలు అడుగు. దాన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు, రుసుము లేదు, గడువు నెల. దర్యాప్తు నడుస్తోందని కొంత దాచొచ్చు, అయినా అడుగు. ఫోన్‌లో ఎవరితో మాట్లాడినా అది అయిన వెంటనే “ఇందాక మీరు చెప్పింది ఇదీ” అని ఒక ఈమెయిల్ కొట్టు. క్లెయిమ్ పెట్టేటప్పుడు అవతలి పక్షం ఆ కుర్ర పోలీసు కాదు, చీఫ్ కానిస్టేబుల్. ఇవన్నీ నీకు గూగుల్ కూడా చెబుతుంది.

చాలామంది బోల్తా పడేది ఇన్ఫర్మేషన్ కమిషనర్ ఆఫీసు దగ్గర. ఐసీఓ అంటారు, మన సమాచారాన్ని కాపాడే చట్టాల్ని అమలు చేసే సంస్థ. ఐసీఓకి ఫిర్యాదు పెట్టేసి డబ్బొస్తుందని కూర్చుంటారు. ఐసీఓ విచారిస్తుంది, మందలిస్తుంది, జరిమానా వేస్తుంది. నీ చేతికి పైసా ఇవ్వదు. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ, ఎవరో సమాచార హక్కు కింద అడిగినదానికి జవాబుగా ఒక స్ప్రెడ్‌షీట్ ఇచ్చింది. అందులో కనపడకుండా ఉన్న ఒక షీట్‌లో 9,483 మంది పోలీసులు, సిబ్బంది వివరాలున్నాయి. పోలీసు ఉద్యోగమని చుట్టాలకి కూడా చెప్పుకోలేని చోటు అది. ఐసీఓ 7,50,000 పౌండ్ల జరిమానా వేసింది. అది సర్కారు ఖజానాకే పోతుంది. ఆ పేర్లలో ఉన్నవాళ్లు పరిహారం కోసం వేరేగా పోరాడాల్సిందే. ఐసీఓకి ఫిర్యాదు పెట్టు, తప్పు జరిగిందని వాళ్లు రాసిచ్చే కాగితం పనికొస్తుంది. అంతకుమించి ఆశ పెట్టుకోకు.

పరిహారం అడిగే హక్కు చట్టంలోనే ఉంది. నేరాల దర్యాప్తు కోసం పోలీసులు పెట్టుకున్న సమాచారమైతే 2018 డేటా ప్రొటెక్షన్ చట్టం 169వ సెక్షన్. పోయిన డబ్బుకే కాదు, మనోవేదనకి కూడా అని అందులో ఉంది. ఇక్కడివాళ్లు డిస్ట్రెస్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకో. నా కొంప ముంచింది ఇదే.

మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియని సంగతి చెబుతున్నాను.

2019లో మేమున్న పాత ఇంట్లో, కింది ఫ్లాటువాడు తాగొచ్చి తలుపులు బాదేవాడు. ఒకరోజు మెట్ల మీద నన్ను అడ్డగించాడు. పోలీసులకి స్టేట్‌మెంట్ ఇచ్చి, వాడికి తెలియకుండా ఇల్లు మారాను. మూడు నెలల తర్వాత సాయంత్రం ఏడింటికి ఫోన్. డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు. అటువైపు పోలీసు, గొంతు చూస్తే పాతికేళ్లుంటాయేమో. వాడి లాయరుకి పంపిన కాగితాల్లో నా కొత్త అడ్రసు నల్లగా కొట్టెయ్యడం మరిచిపోయారట. రెండుసార్లు సారీ చెప్పాడు. రెండోసారి గొంతు వణికింది.

నేనేం చేశానో తెలుసా? వాణ్ణి ఓదార్చాను. “పర్లేదు నాయనా, మనుషులం కదా, పొరపాట్లు జరుగుతాయి” అన్నది నా ఇంగ్లీషులో ఎలా వస్తే అలా అనేశాను. పాపం, ఉద్యోగం పోతుందేమో అనిపించింది. మర్నాడు వాడు ఈమెయిల్‌లో మళ్లీ క్షమాపణ రాస్తే నేను జవాబిచ్చాను. మూడే మూడు వాక్యాలు. ఫోన్ చేసి చెప్పినందుకు థాంక్స్. నేను బాగానే ఉన్నాను. దీని గురించి దయచేసి బాధపడకండి.

ఆ జవాబు కొట్టిన రాత్రి నేను డైనింగు కుర్చీ లాక్కెళ్లి వీధి తలుపు గడియ కింద నిలబెట్టి పడుకున్నాను. ఆ రాత్రే కాదు, ఐదు నెలలు. ఆ కుర్చీ వీపు పైన గడియ రాసుకుని చెక్క తెల్లబడిపోయింది. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడల్లా అందులోనే కూర్చుంటావు. రెండు తాళాలు మార్పించాను. నైట్ డ్యూటీలు వదులుకున్నాను, జీతం తగ్గింది. చివరికి మళ్లీ ఇల్లు మారాను. తాళాలవాడి రసీదు, సామాను తెచ్చిన వ్యాన్ బిల్లు ఎక్కడ పారేశానో దేవుడికెరుక. డాక్టరు దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఏం చెప్పను, కుర్చీ అడ్డం పెట్టుకుంటున్నానని చెప్పనా?

అసలు నవ్వులాటేమిటంటే, అప్పట్లో నర్సుగా వార్డులో నేను రోజూ చేసే పని అదే. “నొప్పి సున్నా నుంచి పది దాకా అయితే ఎంతుంది?” అని అడగడం. మన ఆడవాళ్లు ఆపరేషనైన మర్నాడు కూడా చేతులు బిగబట్టి “కొంచెమేనమ్మా” అనేవాళ్లు. వాళ్లని కోప్పడేదాన్ని. నువ్వు చెప్పకపోతే నేను మందెలా ఇవ్వనమ్మా అని. నా వంతు వచ్చేసరికి నేనూ “కొంచెమే” అన్నాను.

ఏడాది గడిచాక ఒక స్నేహితురాలు పోరుపెడితే లాయరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ మంచిది. నోటీసు పంపింది. అవతలివాళ్లు తప్పు ఒప్పుకున్నారు, ఆ వెనకాలే నా ఈమెయిల్ ప్రింటు తీసి జత చేశారు. ఆవిడ ఆ కాగితం బల్ల మీద నా వైపు తిప్పింది. “నేను బాగానే ఉన్నాను” మీద పచ్చరంగు పెన్ను గీత. “ఇది మీరే రాశారా?” అంది. రాశాను. “నిజమేనా?” అంది. నాకు మాట రాలేదు. చివరికి వెయ్యి పౌండ్లిచ్చారు, తీసుకుని సంతకం పెట్టాను. ఇల్లు మారిన ఖర్చులో సగం కూడా కాదది. డబ్బు పోతే పోయింది. ఐదు నెలల నా భయం జరగనే లేదని నా చేతి రాతే సాక్ష్యం చెప్పింది చూడు, అది ఇప్పటికీ మింగుడుపడదు.

కోర్టులు కూడా చూసేది అదే. 2021 నవంబరులో గూగుల్ మీద వేసిన ఒక పెద్ద కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, పాత 1998 చట్టం కింద, సమాచారం చేజారిందన్నంత మాత్రాన డబ్బు రాదు, దానివల్ల నీకేం జరిగిందో చూపించాలి అంది. మొన్న 2025 ఆగస్టులో ఇంకోటి వచ్చింది. ససెక్స్ పోలీసుల పెన్షన్ వ్యవహారాలు చూసే కంపెనీ, ఆ పోలీసుల పెన్షన్ స్టేట్‌మెంట్లని పాత అడ్రసులకి పంపేసింది, 400 మందికి పైగా కోర్టుకెక్కారు. కవరు ఎవరో విప్పి చదివారని రుజువు చెయ్యక్కర్లేదు, బాధ ఫలానా మోతాదు దాటాలన్న గీత కూడా లేదు, కానీ ఆ భయానికి తగిన ఆధారం ఉండాలి, ఊరికే ఊహించుకున్నది చాలదు అంది అప్పీలు కోర్టు. అది కంపెనీ మీద కేసే అనుకో, నీకు పనికొచ్చే మాట మాత్రం అందులో ఉంది. నీ కాగితం విప్పిన మనిషి కళ్లెదుటే ఉంది. నీ భయం ఊహ కాదు.

కాబట్టి ఇవాళే ఒక నోట్‌బుక్ తియ్యి. ఫోన్‌లో వద్దు, ఫోన్లు పోతాయి (నీవి మరీ). నిద్ర పట్టని రాత్రి, తినకుండా పారేసిన లంచ్, లిఫ్టు వదిలి మెట్లెక్కిన రోజు, సెలవు పెట్టిన రోజు, తేదీ వేసి ఉన్నదున్నట్టు రాయి. పెంచి రాయకు, ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలూ పోతాయి. తగ్గించి కూడా రాయకు. జీపీ దగ్గరికి, అదే మీ ఏరియా డాక్టరు దగ్గరికి, వెళ్లి నిద్ర సంగతి చెప్పు, వాళ్ల రికార్డులో ఉంటే దానికుండే విలువ వేరు. ఆ పోలీసాయన మళ్లీ సారీ చెబితే మర్యాదగా “మీ ఈమెయిల్ అందింది” అను. అక్కడితో ఆపు.

లాయరు విషయం. గెలిస్తేనే ఫీజు అనేవాళ్లు బోలెడుమంది ఫేస్‌బుక్‌లో వెంటపడతారు. సొలిసిటరో, అంటే లైసెన్సున్న లాయరో, కాదో ముందు రిజిస్టర్‌లో చూడు. గెలిస్తే నీ డబ్బులో ఎంత కోసుకుంటారు, ఓడితే అవతలివాళ్ల ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది, ఈ రెండూ కాగితం మీద పెట్టమను. పదివేల పౌండ్ల లోపు అడిగేవి మామూలుగా స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కేసులు చూసే పద్ధతిలో, నడుస్తాయి, అక్కడ ఓడినా అవతలి లాయరు ఫీజు సాధారణంగా నీ మీద పడదు. లక్షలొస్తాయని కలలు కనకు. శరణార్థి కుటుంబాల వివరాలు హోం ఆఫీసు పొరపాటున ఇంటర్నెట్‌లో పెట్టేసిన కేసులో, 2016లో కోర్టు మనిషికి 2,500 నుంచి 12,500 పౌండ్ల దాకా ఇచ్చింది. అక్కడ ప్రాణభయం ఉంది. నీది ఎక్కడ నిలుస్తుందో లాయరు చెప్పాలి, నేను కాదు.

ఇంకోటుంది, ఇది ఎవరూ చెప్పరు. నిన్ను వేధించినవాడి మీద కేసు ఇంకా నడుస్తోంది కదా. అందులో నువ్వే ప్రధాన సాక్షివి. డబ్బు కోసమే ఇదంతా చేస్తోందని వాడి లాయరు రేపు కోర్టులో అనొచ్చు. అందుకని క్లెయిమ్ ఎప్పుడు పెట్టాలో సొలిసిటర్‌ని అడిగి తేల్చుకో. డేటా కేసుకి మామూలుగా ఆరేళ్ల గడువుంది. మానవ హక్కుల చట్టం కూడా కలపాలనుకుంటే మాత్రం ఏడాదే. ఆగితే తప్పులేదు, మరిచిపోతేనే తప్పు. సెటిల్‌మెంట్ కాగితం వస్తే, “ఫుల్ అండ్ ఫైనల్” (ఇక మళ్లీ అడగనని ఒప్పుకోవడం) అన్న మాట కనపడగానే పెన్ను కింద పెట్టి నాకు ఫోన్ చెయ్యి.

అడ్రసు కూడా పోయింది కాబట్టి, నీ భద్రతకి ఏం చేస్తారో ఆ పోలీసుల్నే రాసివ్వమను. తలుపు గొలుసొకటి కొరియర్‌లో పంపాను, నవ్వకు. మీ ఫ్లాటు తలుపు పల్చటిది, పోయినసారి వచ్చినప్పుడు తట్టి చూశాను. స్క్రూలు పొట్టివి వెయ్యకు, కవర్లో ఉన్న పొడుగువే వెయ్యి.

దాంతోపాటు ఒక నోట్‌బుక్ కూడా పెట్టాను. మొదటి పేజీలో ఆ లిఫ్టు సంగతి రాసి, రాశాక ఫోన్ చెయ్యి. రిటైరై రెండేళ్లవుతున్నా నాకు నైట్ డ్యూటీ నిద్రే, అర్ధరాత్రి దాటినా పర్వాలేదు. ఈ పర్వాలేదు మాత్రం నిజం పర్వాలేదే.

మీ పెద్దమ్మ